నానమ్మను ఊరికే కూర్చోబెట్టకండి

ప్రియమైన బిడ్డలకు,

కాజీపేటలో మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను. నానమ్మ లేవబోతే చాలు, "నువ్వు కూసో నానమ్మా, నేను తెస్త" అంటున్నారు. నీళ్ళ గ్లాసు చేతికే ఇస్తున్నారు. "చాతనైతలేదు బిడ్డా" అంటే పడుకోమంటున్నారు. అది ప్రేమే. కానీ నా వదినకు, అంటే మీ నానమ్మకు, దానివల్ల మేలు జరగడం లేదు. ఇన్నేళ్ళు నర్సుగా పనిచేసిన నేను ఈ మాట మీకు చెప్పి తీరాలి.

మీరు ఆడుకొని అలిసిపోతే నిద్రతో అలుపు తీరుతుంది. వయసు మీదపడి సత్తువ తగ్గినవాళ్ళ నీరసం అట్లా తీరదు, పడుకున్నకొద్దీ పెరుగుతుంది. వాడని కండ కరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పరిశోధన కోసం 10 రోజులు మంచం మీద ఉంచితే, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ తగ్గింది. అంత కండ పోయాక కుర్చీలోంచి లేవడమే పెద్ద పని. నీరసమని లేవరు, లేవక ఇంకా నీరసపడతారు.

పోయిన బలం మళ్ళీ వస్తుందా అంటే, వస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో 90 ఏళ్ళ ప్రాయంలో ఉన్న కొందరు బలహీనులతో 8 వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. ఇద్దరైతే చేతికర్ర మానేశారు. మీ నానమ్మకు ఇంకా 80 కూడా నిండలేదు!

ముందు నాన్నతో చెప్పి డాక్టర్‌కు చూపించండి. రక్తం తగ్గినా, థైరాయిడ్, షుగర్ ఉన్నా, విటమిన్ బి12 చాలకపోయినా, మనసు దిగులుగా ఉన్నా నీరసం వస్తుంది. లేవగానే కళ్ళు తిరుగుతుంటే బీపీ గోళీల సంగతి కూడా అడగాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కొత్తగా ఆయాసం మొదలైనా ఆలస్యం చేయొద్దు.

డాక్టర్ సరేనన్నాక, గోడకు ఆనించి గట్టి కుర్చీ వేయండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు ఆనించి నాలుగైదు సార్లు లేచి కూర్చోమనండి. కాసేపు ఆగి మళ్ళీ. మీలో ఒకరు పక్కనే నిలబడాలి. మాట్లాడుతూ చేయగలిగితే సరిపోయినట్టు, మాట తెగుతుంటే ఆపేయాలి. 65 దాటినవాళ్ళు బలానికి, తూలకుండా నిలబడడానికి వారంలో 3 రోజులైనా ఇట్లాంటివి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పూటపూటకూ పప్పో గుడ్డో పెరుగో ఉండాలి, ఉత్త చారన్నంతో కండ పట్టదు.

అసలు కష్టం ఆమెను ఒప్పించడం. "ఎక్సర్‌సైజ్ చెయ్యి" అంటే వదిన వినదు, పడిపోతానని ఆమెకు భయం. అందుకే పని అడగండి. తులసికి నీళ్ళు పోయమనండి, గేటు దాకా తోడు రమ్మనండి. నిన్నటికంటే రెండడుగులు ఎక్కువ నడిస్తే ఆ మాట ఆమెతో అనండి. ఈసారి బతుకమ్మకు వాకిట్లో ఒక్క చుట్టయినా తిరగాలని నాతో అంది. ఆ కోరిక పట్టుకోండి. కాళ్ళు కుదురుకున్నాక, ఎండ ఎక్కకముందే భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకురండి, నేనూ వస్తాను.

జ్వరం వచ్చిన రోజు బలవంతం చేయకండి. తగ్గాక, ఆపిన దగ్గర్నుంచి కాకుండా మళ్ళీ రెండుసార్లతో మొదలుపెట్టించండి.

మీ అమ్మమ్మ,
హనుమకొండ