జీడిపప్పులో బూజు విషం: పరారుణ కాంతికి ఆనేదెంత?

పలాస జీడి పరిశ్రమల్లో గుండు, బద్ద, ముక్క వేరుచేసే బల్ల దగ్గర నల్లమచ్చ పప్పు ఇట్టే దొరికిపోతుంది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం మాత్రం కంటికి ఆనదు, ముక్కుకు తగలదు, వేయించినా పూర్తిగా పోదు. వేరుశనగ, అంజీరలకున్నంత బెడద జీడికి లేదు గానీ, తేమ తగిలితే ఏ పప్పూ మినహాయింపు కాదు.

ఈ విషం 1960లో బయటపడింది. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఆరా తీయగా మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరే విషానికీ వచ్చింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు మొక్కజొన్న మనుషుల ప్రాణాలే తీసింది.

మొదట అక్కరకొచ్చింది అతినీలలోహిత దీపం. టర్కీ దేశంలో చీకటిగదిలో 365 నానోమీటర్ల కాంతి కింద అంజీరలు ఏరతారు. ఆకుపచ్చ పసుపుగా మెరిసింది పక్కకు. కానీ ఆ మెరుపు అదే బూజు తయారుచేసే కోజిక్ ఆమ్లం వల్ల వచ్చేది. మెరవని కాయలోనూ విషం ఉండొచ్చు.

పరారుణ పద్ధతిదీ అదే తంతు. ఇందులో యంత్రం పప్పు పొడి మీద కంటికి కనపడని పరారుణ కాంతి వేసి, తిరిగొచ్చిన కాంతిని బట్టి లోపల ఏముందో అంచనా కడుతుంది. 1960లలో అమెరికాలో కార్ల్ నోరిస్ గింజల తేమ కోసం దీన్ని వాడకంలోకి తెచ్చాడు. కిలోలో ఒక గ్రాము కంటే తక్కువున్న పదార్థాన్ని ఇది మామూలుగా పట్టలేదు. తినడానికి సిద్ధమైన పప్పుకు మన దేశంలో అఫ్లటాక్సిన్ పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. అంటే లక్ష రెట్ల తేడా! కాబట్టి యంత్రం చూసేది విషాన్ని కాదు. బూజు తిన్న కొవ్వు, మాంసకృత్తుల్లో వచ్చిన మార్పును.

పప్పులో దాదాపు సగం నూనె. కొలవడానికి పొడి చేయాలని అలాగే మిక్సీ వేస్తే ముద్దై నమూనా పెట్టే గాజుకు అంటుకుంటుంది, రీడింగు చెడుతుంది. ముందు ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఆగి ఆగి తిప్పాలి. పొడి గది వేడికి వచ్చాకే కొలవాలి, లేకపోతే 1450, 1940 నానోమీటర్ల దగ్గర నీరు కాంతిని పీల్చుకునే పట్టీలు జరిగిపోతాయి. ఆఫ్రికా పిక్కలతో కట్టిన కాలిబ్రేషన్ (రీడింగును ఫలితంగా మార్చే లెక్క) ఉద్దానం పంటకు సరిపోతుందని నమ్మకూడదు. ఏటా కొత్త పంట నమూనాలు హెచ్‌పీఎల్‌సీ (విషాన్ని వేరుచేసి నేరుగా కొలిచే ల్యాబు పరీక్ష) ఫలితాలతో కలిపి సరిచూడాలి. ఏ రీడింగు దాటితే సరుకును అనుమానించాలో ఆ గీత కిందికే పెట్టాలి. మంచి సరుకు కొంత ల్యాబుకు పోయినా ఫర్వాలేదు, చెడ్డది దాటకూడదు.

ఎక్కువమంది తప్పేది నమూనా దగ్గరే. విషం బస్తా అంతా పరుచుకోదు, ఏ నాలుగు పప్పుల్లోనో గూడు కడుతుంది. మూతి దగ్గర గుప్పెడు తీస్తే దొరకదు. పైన, నడుమ, అడుగున తీసి, కలిపి, ఆ మొత్తాన్నీ పొడి చేయాలి. నిజం చెప్పాలంటే షెడ్డులో ఈ యంత్రం రోజూ అక్కరకొచ్చేది తేమకే: 5 శాతం దాటిన పప్పును ప్యాక్ చేయకుండా మళ్లీ డ్రయ్యర్‌లోకి పంపడానికి.