చిట్టీ మీద పేరు చూసి బెదరకండి: చర్మం, జుట్టు, గోళ్ల జబ్బుల పేర్లపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో చర్మవ్యాధుల ఓపీ చూస్తుంటాను. మేం చిట్టీ మీద నోరు తిరగని లాటిన్ పేరు ఒకటి రాసి పంపిస్తాం, పేషెంటు మందుల షాపు ముందు నిలబడే ఫోన్లో ఆ పేరు కొట్టి చూస్తాడు, అందులో వచ్చిన ఫొటోలు చూశాక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఉల్టా. "గజ్జే గదా సారు" అని తామే పేరు పెట్టుకుని, తామే ట్యూబు కొనుక్కుని, ఆర్నెల్ల తర్వాత ఒంటి నిండా పాకించుకుని వస్తారు. రెండు చోట్లా గడబిడ పేరు దగ్గరే మొదలవుతుంది. చర్మం జబ్బుల పేర్లలో చాలామటుకు కంటికి ఏం కనిపించింది, ఎక్కడ కనిపించింది అని మాత్రమే చెబుతాయి. ఎంత ప్రమాదం, అంటుకుంటుందా, ఎన్నాళ్లుంటుంది అనేవి పేరు చూసి తేల్చుకునేవి కావు.

అపోహ: డెర్మటైటిస్ అంటే ఇన్ఫెక్షన్, ఇంట్లో అందరికీ అంటుకుంటుంది.

డెర్మటైటిస్ అంటే చర్మం ఎర్రబడి, వాచి, దురద పెట్టడం. ఎగ్జిమా అన్నా ఇంచుమించు అదే. మేం "ఇన్‌ఫ్లమేషన్" అంటాం, అవతలివాళ్లకు "ఇన్ఫెక్షన్" అని వినిపిస్తుంది, ఇంటికి పోయి కోడలికి కంచం, టవలు, మంచం అన్నీ వేరు చేస్తారు. గిన్నెలు తోమే సబ్బు పడక చేతులకు వచ్చిన ఎగ్జిమా ఎవరికీ అంటదు. అలాగని పేరు చివర "ఐటిస్" ఉంటే సూక్ష్మజీవికి సంబంధం లేదనీ అనుకోవద్దు, చర్మం లోపలి పొరలు ఎర్రగా వాచే సెల్యులైటిస్ బ్యాక్టీరియా వల్లే వస్తుంది, ముదిరితే అడ్మిట్ కావాల్సి వస్తుంది.

మన దిక్కు డెర్మటైటిస్‌కి పేరుమోసిన కారణం వయ్యారిభామ మొక్క. పొలం గట్లు, రైలు పట్టాల పక్కలు, అమ్ముడుపోని ప్లాట్లు, ఎక్కడ చూసినా అదే. ఎండిన మొక్క పొడి గాలికి లేచి ఒంటి మీద పడుతుంటే, పడనివాళ్లకు ముఖం, కంటి రెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా, మందంగా తయారవుతాయి. దీన్ని ఎయిర్‌బోర్న్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అని రాస్తాం. "ఎలర్జీ" అన్న మాట ఒక్కటి చెవిన పడగానే పేషెంటు వంకాయ, గోంగూర, చేపలు, గుడ్లు అన్నీ మానేసి చిక్కి సగమై వస్తాడు, మొక్క మాత్రం ఇంటి వెనక నడుం ఎత్తు పెరిగి ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చితో పనిచేసేవాళ్ల చేతుల మంటను కూడా ఎలర్జీ అనే అంటారు గానీ అది వేరు, అంత కారం తగిలితే ఎవరి చేతులైనా మండుతాయి. ఇక తలకు వేసే రంగు సంగతి. "పదేండ్ల సంది ఇదే ఏస్తున్న, ఇప్పుడెట్ల పడదు?" అని నాతో వాదించనివాళ్లు తక్కువ. ఎలర్జీ అలాగే మొదలవుతుంది, ఏళ్ల తరబడి వాడిన వస్తువుకే ఒకరోజు ఒళ్లు తిరగబడుతుంది. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం దీనికి పెద్ద కారణం, నల్లగా పండుతుందని అమ్మే కొన్ని మెహందీ కోన్లలోనూ అదే కలుపుతారు.

అపోహ: క్రానిక్ అంటే ముదిరిపోయింది, అక్యూట్ అంటే ప్రాణం మీదికొచ్చింది.

క్రానిక్ అంటే చాలా రోజులుగా ఉన్నది, అక్యూట్ అంటే ఈమధ్యే మొదలైంది. చుండ్రు కూడా క్రానిక్ జబ్బే. ఇడియోపతిక్ అని రాస్తే మాకు కారణం తెలియలేదని అర్థం, తెలియదని చెప్పుకోవడానికి డాక్టర్లకు ఇంత దర్జా అయిన మాట ఇంకోటి దొరకలేదు.

అపోహ: పేరు చివర "ఓమా" వస్తే క్యాన్సరే.

"ఓమా" అంటే గడ్డ. లైపోమా కొవ్వు గడ్డ, హెమటోమా రక్తం గడ్డకట్టిన వాపు, ఏవీ క్యాన్సర్లు కావు. మెలనోమా మాత్రం క్యాన్సరే, అందుకే తోక చూసి తీర్పు చెప్పొద్దు. అకాంథోసిస్ నైగ్రికన్స్ దగ్గరా ఇదే భయం. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా అయితే దానికి ఆ పేరు. ఫోన్లో చూస్తే కడుపులో క్యాన్సర్ అని వస్తుంది, అది చాలా అరుదు. మేం రోజూ చూసేది బరువు పెరిగి, ఇన్సులిన్ సరిగా పనిచేయక వచ్చేదే. మట్టి పేరుకుందని పీచుతో తోమి తోమి ఇంకా నల్లగా చేసుకుంటారు, చేయించుకోవాల్సింది షుగర్ పరీక్ష.

అపోహ: పిల్లల చెంపల మీద తెల్లమచ్చలు వస్తే కడుపులో పురుగులున్నట్టు, లేదా కాల్షియం తక్కువైనట్టు.

అవి చాలావరకు పిట్రియాసిస్ ఆల్బా, అంటే పొడి చర్మం పిల్లలకు వచ్చే చిన్నపాటి ఎగ్జిమా. ఎండలో ఆడితే చుట్టూ చర్మం నల్లబడి మచ్చ ఇంకా బాగా కనిపిస్తుంది. నులిపురుగుల మందు వేస్తే వేయండి, దానివల్ల మచ్చ పోదు. కొబ్బరినూనో మాయిశ్చరైజరో రోజూ రాస్తుంటే కొన్ని నెలల్లో కలిసిపోతుంది.

పిట్రియాసిస్ అనే మాటకు మూలం గ్రీకులో తవుడు, పైన సన్నగా తవుడులా పొట్టు రాలుతుందని పాతకాలం డాక్టర్లు పెట్టిన పేరు. పొట్టు రాలిన ప్రతిదానికీ అదే తగిలించి పోయారు, ఇప్పుడు ఒకదానితో ఒకటికి చుట్టరికం లేని జబ్బులన్నీ ఆ పేరు కింద ఉన్నాయి. పిట్రియాసిస్ వెర్సికలర్ అంటే మనం శోభి అనేది. అందరి ఒంటి మీదా ఉండే ఒక ఫంగస్ ఉక్కకు, చెమటకు ఎక్కువై వస్తుంది. మందుకు ఫంగస్ చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి "మందు పనిచేయలేదు" అని డాక్టర్లను మార్చకండి. పిట్రియాసిస్ రోజియా మొదట ఒక పెద్ద మచ్చతో మొదలై, తర్వాత వీపు, ఛాతీ మీద చిన్న చిన్నవి చాలా వచ్చి, 6 నుంచి 8 వారాల్లో సాధారణంగా దానంతట అదే పోతుంది. స్నేహితుడి చిట్టీ మీద కూడా పిట్రియాసిస్ అనే మాట ఉందని వాడి మందు మీరు వాడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అపోహ: బొల్లి అంటే తెల్ల కుష్ఠు.

ఈ ఒక్క మాట చెడగొట్టినన్ని పెళ్లి సంబంధాలు ఇంకేదీ చెడగొట్టలేదని నా నమ్మకం. బొల్లి, విటిలిగో, ల్యూకోడెర్మా అన్నీ దాదాపు ఒకటే, రంగునిచ్చే కణాలను మన రోగనిరోధక శక్తే దెబ్బతీయడం వల్ల చర్మం తెల్లబడుతుంది. అంటదు. పాలు, చేపలు కలిపి తింటే రాదు. మైకేల్ జాక్సన్‌కు ఉన్నది ఇదే, 2009లో పోస్టుమార్టం రిపోర్టు కూడా అదే చెప్పింది. కుష్ఠు పూర్తిగా వేరే జబ్బు, ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది, మచ్చ పాలలా తెల్లగా ఉండదు, కొంచెం పాలిపోయినట్టో ఎర్రగానో ఉండి అక్కడ స్పర్శ తగ్గుతుంది. అందుకే కళ్లు మూసుకోమని మచ్చ మీద దూదితో తాకి చూస్తాం. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది.

అయినా కుష్ఠు అన్నా ఇంకా ఎందుకు అంత భయం? నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో 1915లో మిషనరీ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ కుష్ఠు దవాఖాన పెట్టిన రోజుల్లో చాల్‌మూగ్రా నూనె తప్ప చెప్పుకోదగ్గ మందు లేదు. ఇప్పుడు ఎండీటీ, అంటే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే మాత్రలు, సర్కారు దవాఖానల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు సోకే అవకాశం పోతుంది. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే వీలును కూడా 2019లో చట్టం మార్చి తీసేశారు. ఆలస్యం చేస్తే మాత్రం నరాలు దెబ్బతిని చేతివేళ్లు వంకర పోతాయి, పేరుకు సిగ్గుపడి దాచుకుంటే జరిగేది అదే.

అపోహ: గజ్జి, తామర ఒకటే, ఒకే ట్యూబు రెండింటికీ సరిపోతుంది.

గోడల మీద ప్రకటనల్లో "గజ్జి, తామర, దురద" అని ఒకే వరసలో చదివీ చదివీ మనకు అది ఒకే జబ్బు అయిపోయింది. గజ్జి, అంటే స్కేబిస్, కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో దూరి వచ్చేది. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, రాత్రిపూట ఎక్కువ దురద. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి కాలివేళ్ల దాకా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కోవాలి, వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో దురద లేనివాళ్లు కూడా అదే రోజు రాసుకోవాలి, ఇక్కడే అందరూ తప్పిపోతారు, "మా ఆయనకు ఏం లేదు సారు" అని ఒకరిని వదిలేస్తే నెలకల్లా మళ్లీ అందరికీ వస్తుంది.

తామరను టినియా అని రాస్తాం, ఇంగ్లిష్‌లో రింగ్‌వార్మ్. పేరులో పురుగుంది గానీ జబ్బులో లేదు, ఇది ఫంగస్. టినియా పక్కన ఉండే రెండో మాట చోటు చెబుతుంది: కార్పోరిస్ అంటే ఒంటి మీద, క్రూరిస్ అంటే గజ్జల్లో, క్యాపిటిస్ అంటే తలలో. రెండు పేర్లు రాశారంటే రెండు జబ్బులని కాదు. అసలు గోస స్టెరాయిడ్ కలిపిన క్రీములతో. రాసిన రెండు రోజుల్లో దురద పోతుంది, మచ్చ మాసిపోయినట్టు ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది, గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. గుండ్రటి అంచు పోయి ఏ జబ్బో గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది కాబట్టి దానికి టినియా ఇన్‌కాగ్నిటో అని పేరు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చిట్టీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది, అయినా అడిగితే ఇచ్చే కౌంటర్లు ఎన్నో మీకే తెలుసు.

అపోహ: సర్పి నడుం చుట్టూ తిరిగి రెండు కొసలు కలిస్తే మనిషి దక్కడు.

సర్పి, అంటే హెర్పిస్ జోస్టర్. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే నరంలో దాక్కుని ఎన్నో ఏళ్లకు లేచి రావడం. ఒక నరం దారినే పోతుంది, అందుకే దాదాపు ఎప్పుడూ ఒంటికి ఒక పక్కనే ఆగుతుంది, కొసలు కలవడమనే మాటే రాదు. మంత్రం వేయించుకుంటారా, మీ ఇష్టం, నేను కాదనను. కానీ పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మాత్రలు మొదలుపెడితేనే ఎక్కువ లాభం, మంత్రం కోసం తిరుగుతూ ఆ మూడు రోజులు పోగొట్టుకుంటే పెద్దవాళ్లకు నెలల తరబడి నరం నొప్పి మిగిలిపోవచ్చు. కంటి దగ్గర వస్తే అదే రోజు కంటి డాక్టర్‌కు కూడా చూపించాలి.

వానాకాలంలో సర్పి అనుకుని వచ్చేవాటిలో కొన్ని సర్పే కావు. రాత్రి ట్యూబ్‌లైట్‌కు వచ్చే పెడరస్ అనే సన్న పురుగు మెడ మీద వాలితే అలవాటుగా చేత్తో నలిపేస్తాం, దాని రసం తగిలిన చోట తెల్లారేసరికి కాలినట్టు చార పడుతుంది. పురుగు కుట్టదు, కరవదు. నలపకుండా ఊది తోలేయండి, తగిలితే వెంటనే సబ్బుతో కడగండి.

అపోహ: పేనుకొరుకుడు అంటే పురుగు జుట్టు తినేయడం.

అలోపీషియా అంటే జుట్టు పోవడం అని మాత్రమే, బట్టతల కూడా అలోపీషియానే. పేనుకొరుకుడుకు అలోపీషియా ఏరియేటా అని రాస్తాం, ఇక్కడా రోగనిరోధక శక్తే జుట్టు కుదుళ్ల మీద పడుతుంది, పేనుకూ పురుగుకూ సంబంధం లేదు. చాలామందికి దానంతట అదే తిరిగి మొలుస్తుంది. గురివింద గింజ అరగదీసి రుద్దడం మానండి, ఆ గింజలో విషం ఉంది, పుండ్లు పడి వస్తున్నారు. చిన్న పిల్లల తలలో పొట్టుతో, వెంట్రుకలు విరిగిపోయి మచ్చలా ఊడితే అది తామర కావచ్చు, దానికి పూత మందు చాలదు, మాత్రలు కావాలి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడేది టెలోజెన్ ఎఫ్లూవియం. పేరు భయంకరంగా ఉన్నా ఎక్కువమందికి ఆర్నెల్లలో సర్దుకుంటుంది.

అపోహ: గోళ్ల మీద తెల్ల చుక్కలు కాల్షియం లోపం.

గోరు మొదట్లో చిన్న దెబ్బ తగిలితే వస్తాయి, గోరుతో పాటు పెరిగి పోతాయి. గోరు చెంచాలా గుంట పడితే మాత్రం రక్తం తక్కువుందేమో చూపించుకోండి. గోరు పసుపుగా మందమైతే ఫంగస్ అని మీరే మాత్రలు మింగొద్దు, సోరియాసిస్ కూడా అచ్చం అలాగే చేస్తుంది, గోరు ముక్క పరీక్షకు పంపితే తేలుతుంది. గోరుచుట్టుకు నిమ్మకాయ తొడగడం మన ఇళ్లలో ఇంకా ఉంది. చీము పట్టిన వేలికి కావాల్సింది చీము తీయించుకోవడం. నెలల తరబడి పోని గోరుచుట్టు చేతులు ఎప్పుడూ నీళ్లలో ఉండేవాళ్లకు వస్తుంది, వాళ్లకు మందు కంటే చేతులు పొడిగా ఉంచుకోవడమే ముఖ్యం. ఒక్క గోరులోనే కొత్తగా నల్ల గీత వచ్చి వెడల్పవుతుంటే ఆగకుండా రండి.

వచ్చేటప్పుడు మైదాకు, నెయిల్ పాలిష్ లేకుండా రండి, రాసుకున్న ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, కవర్లో వేసి తీసుకురండి. మచ్చ మొదట్లో ఎలా ఉందో ఫోన్లో ఫొటో ఉంటే ఇంకా మంచిది. చిట్టీ మీద పేరు అర్థం కాకపోతే బయటికి పోయి ఫోన్లో వెతక్కుండా అక్కడే కూర్చుని అడగండి, వెనకాల లైన్ పెద్దగా ఉన్నా చెబుతాం.