హమ్మింగ్‌బర్డ్ నోట్లో ఇంకు ఫిల్లరు

డాలస్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌ల కోసం ఫీడర్ కట్టి పంచదార నీళ్ళు పోస్తున్నాం. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, తెల్ల పంచదార విషం, బెల్లమో తేనెనో కలపమంటోంది. ఏది మంచిది?"

పంచదారే మంచిది. ఈ పిట్టలు ఇష్టపడే పువ్వుల మకరందంలో ఎక్కువగా ఉండేది సుక్రోజ్. మన పంచదారా అదే. బెల్లంలోని ఇనుము మనకు మేలు చేస్తుంది గానీ, ఇనుము దాదాపు లేని మకరందానికి అలవాటుపడిన ఈ చిన్న శరీరానికి హాని చేస్తుంది. నీళ్ళు కలిపిన తేనె త్వరగా పులిసి బూజు పడుతుంది. ఒక కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్ళు చాలు. ఎర్ర రంగు కలపవద్దు, ఫీడర్ మూత ఎర్రగా ఉంటే సరిపోతుంది. ఎండలు ముదిరితే రెండు రోజులకొకసారి కడిగి కొత్తగా నింపాలి.

ఇక నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతికి వస్తాను. ఆ నీళ్ళు పిట్ట నోట్లోకి ఎలా వెళ్తాయి?

సన్నని గొట్టంలో నీరు తనంతట తాను పైకి పాకినట్టే మకరందం నాలుకపైకి పాకుతుందని 1833లో ఒక ఊహ వచ్చింది. అదే కేశనాళికీయత. దాదాపు 180 ఏళ్ళు అందరూ దాన్నే నమ్మారు. బడిలో మాకు రంగు నీళ్ళలో గాజు గొట్టం ముంచి చూపించారు. నీరు ఎంత ఎత్తుకు పాకిందో కొలిచాం గానీ, ఎంతసేపట్లో పాకిందో ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ పిట్ట సెకనుకు పదిసార్లకు పైగా నాలుక చాపుతుంది. అంత వేగానికి కేశనాళికీయత చాలదు.

కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో అలెహాంద్రో రికో-గెవారా, మార్గరెట్ రుబేగా పారదర్శకమైన ఫీడర్ల ముందు హైస్పీడ్ కెమెరాలు పెట్టారు. 2011లో, 2015లో వెలువడిన వారి పరిశోధనలు చదివినప్పుడు నాకు పాత ఇంకు ఫిల్లరు గుర్తొచ్చింది. రబ్బరు బుడ్డిని నొక్కి, ఇంకులో ముంచి, వేళ్ళు వదిలితే బుడ్డి మళ్ళీ ఉబ్బుతూ ఇంకును లాగుతుంది. పిట్ట నాలుక ముందు భాగం రెండు పాయలుగా చీలి ఉంటుంది. ఒక్కో పాయకు పొడవునా ఒక గాడి. నాలుక బయటికి వచ్చేటప్పుడు ముక్కు కొన ఆ గాడులను నొక్కుతుంది. ఫిల్లరు దగ్గర వేళ్ళు చేసే పని ఇక్కడ ముక్కు చేస్తుంది. ఆ నొక్కుడుకు కిందటి గుక్క నోట్లోకి జారుతుంది, గాడుల గోడలు చదునవుతాయి. వంగిన గోడల్లో స్థితిస్థాపక శక్తి నిల్వ ఉంటుంది. ముక్కు నుంచి మకరందం దాకా గాలిలో సాగేటప్పుడు అవి విచ్చుకోవు. తడిసిన గాజు పలకలు అతుక్కున్నట్టు, లోపలి పలుచని తడి పొర వాటిని పట్టి ఉంచుతుంది. మకరందం తగలగానే ఆ పట్టు వీడుతుంది, గోడలు ఉబికి మకరందాన్ని లాగేస్తాయి. ఫిల్లరుకు మూసిన గొట్టం కావాలి. ఈ గాడి ఒక పక్క తెరిచే ఉన్నా పని జరిగిపోతుంది! నాలుక వెనక్కి వచ్చేటప్పుడు కొనల్లోని కుచ్చుల అంచులు ముడుచుకుని బొట్టును బంధిస్తాయి. దీనికి కండరాలతో పని లేదు. చనిపోయిన పిట్ట నాలుక కూడా ఇలాగే ముడుచుకుంటుంది.

ఫిల్లరులోకి జిగురు ఎక్కదు కదా? 20 శాతం పంచదార ద్రావణం స్నిగ్ధత, అంటే జిగట, నీటికి రెండింతలు. 40 శాతానికి అది ఆరింతలు, 60 శాతానికి దాదాపు 58 రెట్లు. తీపి మూడింతలైతే జిగట ముప్పై రెట్లు పెరుగుతుందన్నమాట. అందుకే ప్రేమకొద్దీ పాకం పట్టకండి. ఒకటికి నాలుగు కొలత బరువులో సుమారు 18 శాతం అవుతుంది.

ఫీడర్ పక్కన టర్క్స్ క్యాప్ నాటండి. టెక్సాస్ నేలదే, నీడలోనూ పూస్తుంది. మన పెరళ్ళలో కనిపించే ముడుచుకున్న ఎర్ర మందారానికి దగ్గరి చుట్టం. పురుగుమందు చల్లవద్దు, మాంసకృత్తుల కోసం ఈ పిట్టలు చిన్న పురుగులనే తింటాయి.

శరదృతువులో ఫీడర్ తీయకపోతే పిట్టలు వలస మరిచిపోతాయని అమెరికాలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. వాటిని కదిలించేది పగటి పొద్దు తగ్గడం. మూడు గ్రాముల రూబీ-త్రోటెడ్ (కెంపు రంగు గొంతు) హమ్మింగ్‌బర్డ్, బయలుదేరే ముందు కొవ్వు పట్టి దాదాపు రెట్టింపు బరువుకు చేరుతుంది; వాటిలో చాలా పిట్టలు సుమారు 800 కిలోమీటర్ల మెక్సికో సింధుశాఖను ఎక్కడా వాలకుండా దాటుతాయి. చివరి పిట్ట కనిపించాక కూడా మరో రెండు వారాలు ఫీడర్ ఉంచండి. ఉత్తరం నుంచి ఆలస్యంగా వచ్చే పిట్టలు మీ పెరట్లో ఆగి పొట్ట నింపుకుంటాయి.