రాత్రి గట్టిగా, పొద్దున్న జావలా

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న రెండు రోజులు నన్ను వదల్లేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి ఆవిడ కొబ్బరి క్రీమ్ పై (మైదా డొప్పలో కస్టర్డ్ నింపి చేసే తీపి వంటకం) చేశారు. పాలు, పంచదార, పచ్చసొనలు, కార్న్‌ఫ్లోర్ కలిపి పొయ్యి మీద తిప్పుతుంటే గరిటెకు అంటుకునేంత చిక్కబడింది. గుడ్లు విరుగుతాయేమోనన్న భయంతో ఉడుకు రాకముందే దించేసి, కాల్చి ఉంచిన మైదా డొప్పలో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. పడుకునేముందు చూస్తే గట్టిగా ఉంది. పొద్దున్న కత్తి పెడితే జావలా కారిపోయింది. అత్తగారు దిష్టి తగిలిందన్నారట. అసలు కారణం ఏమిటని ఆవిడ ప్రశ్న.

కార్న్‌ఫ్లోర్ లేకుండా, గుడ్ల బలం మీదే ఓవెన్‌లో బిగుసుకునే కస్టర్డ్ పై సంగతి వేరు. అది మధ్యలో తొణుకుతుంటే దాదాపు 80 డిగ్రీల వేడి అక్కడిదాకా చేరలేదన్నమాట, ఇంకాసేపు ఉంచితే సరి. ఈవిడది అలా కాదు, ఒకసారి గట్టిపడి తర్వాత పలచబడింది. చేసింది పచ్చసొనలోని ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్, అంటే పిండిపదార్థాన్ని కోసే ప్రోటీన్. ఉడుకు రాకముందే దించేయడంతో అది చావలేదు.

నులక మంచం గుర్తు తెచ్చుకోండి. ఉడికిన పిండిపదార్థం అలాంటి అల్లికే. వేల గ్లూకోజ్ అణువులు వరసగా ముడిపడిన గొలుసులు నులకలా అల్లుకుని, సందుల్లో నీటిని మోస్తాయి. నులకను కొస నుంచి కొద్దికొద్దిగా ఊడదీస్తూ పోతే మంచం చాలాసేపు మనిషిని మోస్తుంది. మొలకెత్తిన గింజల్లో ఉండే బీటా అమైలేజ్ పని అలాంటిది, కొస నుంచి రెండేసి గ్లూకోజ్‌లను తుంచుతుంది. ఆల్ఫా అమైలేజ్ అలా కాదు, నడిమధ్య ఎక్కడ దొరికితే అక్కడ కోస్తుంది. నులకను పది చోట్ల కోసి చూడండి. తాడు బరువు తులం కూడా తగ్గదు, మంచం మాత్రం కూలబడుతుంది. అందుకే ఆ కస్టర్డ్ అంత పలచబడినా రుచిలో పెద్ద తేడా రాదు. కోతలు కొన్నే, గ్లూకోజ్ దాకా విరిగింది తక్కువ. ఫ్రిజ్ చల్లదనం ఈ కత్తెరను నెమ్మదింపజేస్తుంది కానీ చంపదు, దానికేమో రాత్రంతా సమయం ఉంది.

మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కంటే పలచగా ఉండేదీ ఈ కోతల వల్లే. పిల్లలకు ఎక్కువ పిండి పట్టించినా గొంతు దిగుతుంది. మన ఉమ్మిలోనూ ఆల్ఫా అమైలేజ్ ఉంది. రుచి చూసిన చెంచాను మళ్లీ కస్టర్డ్‌లో పెడితే పలచబడే ప్రమాదం ఉంది. ఎంగిలి పట్టింపులో నాకు నచ్చనివి చాలా ఉన్నా, ఈ ఒక్క చెంచా విషయంలో పెద్దవాళ్ల మాట వింటాను.

1963లో బ్రిటన్ తెచ్చిన నియమాల ప్రకారం గుడ్డు ద్రవాన్ని 64.4 డిగ్రీల వద్ద రెండున్నర నిమిషాలు వేడిచేయాల్సి ఉండేది. సరిగా వేడెక్కిందో లేదో తేల్చింది ఈ ఎంజైమే. ఆ గుడ్డును పిండిద్రవంతో కలిపి, కాసేపు ఉంచి అయోడిన్ వేసేవారు. నీలం రంగు వస్తే పిండి తెగలేదు, ఎంజైమ్ చచ్చినట్టు. నీలం రాకపోతే బతికున్నట్టు. అయితే కస్టర్డ్‌లో ఆ వేడి చాలదు. పంచదార, పిండి కలిసి ఈ ఎంజైమ్‌ను వేడి నుంచి కాపాడతాయి. గంజి, ఉమ్మి, అయోడిన్‌తో ఇదే ప్రయోగం మన బడి పుస్తకాల్లోనూ ఉంది. చాలా చోట్ల చేయించకుండానే నోట్సు రాయించేస్తారు, అది నాకు బాధ.

కస్టర్డ్ పొడితో చేసే మన ఫ్రూట్ కస్టర్డ్‌కు ఈ బెడద లేదు. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్, గుడ్లు పడని భార్య కోసం గుడ్డులేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. పచ్చసొన లేదు కనుక కత్తెరా లేదు.

కాబట్టి అమ్మా, కార్న్‌ఫ్లోర్ ఉన్న కస్టర్డ్‌ను భయపడకుండా బుడగలు వచ్చేదాకా ఉడికించండి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు నిమిషాలు అడుగంటకుండా తిప్పండి. ఉబ్బిన పిండి రేణువులు అడ్డుపడి గుడ్డు ప్రోటీన్లను ఒకదానికొకటి గడ్డకట్టనివ్వవు. పలచబడిపోయినదాన్ని ఊరికే మళ్లీ కాస్తే లాభం లేదు, తెగిన నులక అతుక్కోదు. ముందు దాన్ని బాగా ఉడకనిచ్చి ఎంజైమ్‌ను చంపి, చల్లటి పాలలో కలిపిన కొత్త కార్న్‌ఫ్లోర్ పోసి ఇంకోసారి ఉడికించండి.