నల్లమల యురేనియం: గ్రానైట్ మీద సముద్రం పరిచిన ఇసుక

నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం ఉందన్న మాట ముప్పై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. తవ్వకాల గొడవ ఎందుకో తెలియాలంటే ముందు ఆ రాయి సంగతి చూడాలి.

అక్కడ అడుగున ఉన్నది గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. దాని నెత్తిన పొరలు పొరలుగా ఇసుకరాయి, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనేది దీన్నే. నల్లమలలోని అమ్రాబాద్ గుట్టలకూ ఇదే పైకప్పు. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. విరిగిన పలక మీద కొన్నిచోట్ల వరుసగా అలల గీతలు కనిపిస్తాయి, చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. లోతులేని సముద్రపు అంచున నీళ్లు ఇసుకను అటూ ఇటూ కదిపిన ఆనవాళ్లు అవి.

మరి సముద్రమైతే గవ్వలేవి? గుల్లలున్న జీవులు విరివిగా పుట్టుకొచ్చింది దాదాపు 54 కోట్ల ఏళ్ల కిందట. ఈ సముద్రం అంతకన్నా చాలా ముందుది. అప్పటి జీవమంతా దాదాపు సూక్ష్మజీవులే. అవి పొర మీద పొరగా కట్టిన రాతి దిబ్బలు, అంటే స్ట్రోమటోలైట్లు, ఇదే కడప బేసిన్‌లో (ఈ రాతిపొరలన్నీ పేరుకున్న పాత పల్లంలో) దక్షిణాన, వేంపల్లె సున్నపురాయిలో ఉల్లిపొరల్లా కనిపిస్తాయి. వికారాబాద్ వైపు రాళ్లలో దొరికే నత్తగుల్లల్ని చూపించి 'ఇదిగో సముద్రం' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఒక దండం. అవి దక్కన్ లావా పొరల మధ్య మంచినీటి మడుగులవి, వయసు ఆరేడు కోట్ల ఏళ్లే.

కడప, కర్నూలు శిలల మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వివరమైన నివేదిక 1872లోనే వచ్చింది. యురేనియం వేట మాత్రం 1990లలో ఊపందుకుంది. గ్రానైట్‌కూ ఇసుకరాయికీ మధ్య ఉన్న అతుకే దాని గురి. గ్రానైట్‌లో కొద్దికొద్దిగా ఉన్న యురేనియాన్ని నీళ్లు కరిగించి తెచ్చి, ఆ అతుకు దగ్గరి పగుళ్లలో పేర్చాయి. లంబాపూర్ దగ్గర పైరాయి మందం తక్కువ కాబట్టి డ్రిల్లింగ్‌లో ఖనిజం తొందరగానే తగిలింది.

2003లో ఇక్కడి తవ్వకాల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా వ్యతిరేకించారు. 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణ ప్రతిపాదన మీద మళ్లీ అగ్గి రాజుకుంది, సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానించింది. ఊళ్ల టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. బోర్లలోకి నీళ్లు ఊరేదీ గ్రానైట్ పగుళ్లలోంచే, పక్కనే నాగార్జునసాగర్ జలాశయం.