జింకల పార్కు నుంచి బాపూఘాట్ దాకా

శాంతికి గుర్తుగా ఏదైనా కడదాం, చూడ్డానికి జనం వస్తారు, పర్యాటకం పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఈ మాట కొత్తది కాదు. లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఎత్తైన గాంధీ విగ్రహంతో ‘గాంధీ సరోవర్’ కడతామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అందుకని ఇదే ఊళ్లో ఇంతకుముందు వెలసిన రెండు స్మారకాల సంగతి చెప్పుకోవాలి. అందులో ఒకటి అసలు స్మారకమనే చాలామందికి తెలియదు.

అది వనస్థలిపురం జింకల పార్కు. ఒకప్పుడు నిజాములు వేటాడిన నేల. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. వేటలు సాగిన చోటికి అహింస బోధించినవాడి పేరు! స్మారకం అంటే అక్కడ ముఖ్యంగా 3,700 ఎకరాల పైచిలుకు గడ్డి, ముళ్లపొదలు, వాటి మధ్య కృష్ణజింకలు. మగ జింకకు పైన నలుపు, పొట్ట కింద తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. దానికి దట్టమైన అడవితో పని లేదు. నాలుగు దిక్కులా దూరం కనపడాలి, పరుగెత్తడానికి చోటుండాలి. అలాంటి నేల మన కంటికి ఉత్త బీడులా కనిపిస్తుంది. ‘ఖాళీగానే ఉంది కదా, ఓ మూల కడితే ఏమవుతుంది’ అనే మాట పుట్టేది అక్కడే. ఒక మూలన కట్టడం లేస్తే దాని వెంట రోడ్డు, పార్కింగు, లైట్లు, క్యాంటీను వస్తాయి. జింకను బెదరగొట్టేవి ఇవే.

చట్టం ఈ సంగతి ముందే ఊహించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జింకల పార్కు లాంటి జాతీయ పార్కుల్లో కట్టడాలకు పగ్గాలు వేసింది. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ మాత్రం, అటవీ శాఖ ప్రణాళికలో చేర్చిన ఎకో టూరిజం వసతులను, కేంద్రం అనుమతి అవసరమయ్యే అటవీయేతర పనుల లెక్క నుంచి తప్పించింది. ఆ పేరు కింద ఏమేం దూరతాయో చూడాలి.

రెండోది అందరికీ తెలిసిన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమను చూసొచ్చిన ఎన్టీఆర్ మనకూ అలాంటిది కావాలనుకున్నారు. 1985లో పని మొదలైంది. భువనగిరి దగ్గరి రాయగిరి కొండ నుంచి తీసిన ఒకే రాయిని గణపతి స్థపతి నేతృత్వంలో 58 అడుగుల విగ్రహంగా మలిచారు. 1990 మార్చి 10న దాన్ని సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే పడవ ఒరిగి విగ్రహం నీళ్లలో పడింది, కొందరు చనిపోయారు. రెండేళ్లకు పైగా అడుగునే ఉండిపోయింది. 1992 డిసెంబరు 1న నిలబెట్టారు.

పర్యాటకం లెక్కన అది గెలిచినట్టే. బయటి ఊరి చుట్టాలొస్తే లుంబినీ పార్కులో పడవ ఎక్కించాల్సిందే. కానీ బుద్ధుడి చుట్టూ ఉన్న నీళ్లు బాగుపడలేదు. నాలాల మురుగు సాగర్‌లో కలుస్తూనే వచ్చింది, గట్టు పొడవునా పార్కులు, రోడ్లు లేచాయి. విగ్రహాన్ని కళ్లారా చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకున్న రోజులు ఈ నగరానికి బాగా తెలుసు.

బాపూఘాట్ కథ వేరు. మూసీ, ఈసా నదులు కలిసే ఆ చోట 1948లో గాంధీజీ అస్థికలను నిమజ్జనం చేశారు. అక్టోబరు 2న, జనవరి 30న నేతలు వచ్చి నివాళులర్పిస్తారు. అంటే స్మారకం ఎప్పటినుంచో ఉంది, లేనిది శుభ్రమైన నీరు. 1908 వరద తర్వాత కట్టిన జలాశయాలు ఎగువన ఉన్నాయి: ఉస్మాన్‌సాగర్ మూసీ మీద, హిమాయత్‌సాగర్ ఈసా మీద. గేట్లు దించి ఉన్నంతకాలం ఘాట్ దగ్గర పారేది చాలావరకు మురుగే. ఎత్తితే వరదే. 2025 సెప్టెంబరులో ఇంకా దిగువనున్న ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. ఆ జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు, 2022లో దాని ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చారు.

కాబట్టి ఇప్పుడు అడగాల్సింది విగ్రహం ఎన్ని అడుగులని కాదు. మురుగుశుద్ధి కేంద్రాల పని ముందా, విగ్రహం పునాది ముందా? వరద పరచుకునే చోట ఎంత మేర కాంక్రీటు వేస్తారు? ప్రాజెక్టు నివేదికలో ఈ రెండు పేజీలు ముందు చదవాలి.