ఏసీ స్టార్టయ్యే ఆ పావు సెకను

బోరు మోటారు స్టార్టర్ నొక్కగానే ప్యానెల్ మీది అమ్మీటర్ ముల్లు చివరికంటా ఎగిరి, వెంటనే దిగివచ్చి ఒకచోట నిలుస్తుంది. అమెరికాలో ఆర్వీలనే ఇంటి బండ్ల పైకప్పుకు బిగించే ఏసీలోనూ జరిగేది ఇదే. ఆగి ఉన్న మోటారులో కరెంటుకు ఎదురొడ్డే వోల్టేజీ ఇంకా పుట్టి ఉండదు. అందుకే 120 వోల్టుల మీద నడుస్తూ 12–15 ఆంపియర్లు తీసుకునే 13,500 బీటీయూల చల్లదనపు సామర్థ్యమున్న ఏసీ, కంప్రెసర్ కదిలే క్షణంలో 60 ఆంపియర్ల దాకా లాగవచ్చు. అంతా పావు సెకనులో ముగుస్తుంది కనుక 20 ఆంపియర్ల బ్రేకర్ పడిపోదు; లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగడానికి ఆ సమయం చాలదు. చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌కు అంత ఓర్పు ఉండదు. 2,200 వాట్లని రాసి ఉన్నది గరిష్ఠంగా ఇవ్వగలిగేది 18 ఆంపియర్ల పైచిలుకు మాత్రమే.

ఈ స్టార్టింగ్ కరెంటును కొలవడంలో చాలామంది బోల్తాపడేది మీటర్ చూసిన అతిపెద్ద అంకెను నిలిపి ఉంచే మాక్స్ బటన్ దగ్గర. తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మామూలు క్లాంప్ మీటర్ సెకనుకు మూడుసార్లు అంకె మారుస్తుంది, అంటే ఒక్కో అంకె దాదాపు 300 మిల్లీసెకన్ల ఆర్‌ఎంఎస్ (మారుతూ ఉండే కరెంటుకు కట్టే ఒక రకం సగటు) లెక్క. 60 ఆంపియర్లు 200 మిల్లీసెకన్ల పాటు ప్రవహించాయనుకుందాం. ఆ ముక్క మొత్తం ఒకే లెక్కలో పడితే మీటర్ 50 చూపుతుంది. సగం సగంగా రెండు లెక్కల్లోకి చీలితే 36 మాత్రమే చూపుతుంది. అదే ఏసీ, అదే స్టార్టు. ఫ్లూక్ 376 లాంటి మీటర్లలోని ఇన్‌రష్ మోడ్ కరెంటు ఎగసిన క్షణాన్నే పట్టుకుని, అక్కణ్ణుంచి 100 మిల్లీసెకన్ల ఆర్‌ఎంఎస్ విలువ కడుతుంది. నేమ్‌ప్లేట్ మీది ఎల్‌ఆర్‌ఏ (మోటారు తిరగకుండా నిలిచి ఉన్నప్పుడు లాగే కరెంటు) అంకెతో పోల్చదగింది అదే. ఆసిలోస్కోప్‌లో కనిపించే శిఖరాన్ని దానితో పోల్చకూడదు: 60 ఆంపియర్ల ఆర్‌ఎంఎస్‌కు శిఖరం 85.

క్లాంపు ఒకే తీగ చుట్టూ ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి దూరితే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని మరొకటి కొట్టేసి సున్నా వస్తుంది. ఆర్వీ ప్లగ్గు తీసేసి, ప్యానెల్ మూత విప్పి, ఏసీ బ్రేకర్ నుంచి వెళ్ళే నల్ల తీగకు క్లాంపు తగిలించి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. అంతకన్నా భద్రమైనది తీగలను విడదీసి చూపే లైన్ స్ప్లిటర్. ఏసీకి వెళ్ళే తీగ కాకుండా మెయిన్ తీగ దగ్గర కొలుస్తుంటే బ్యాటరీ చార్జరు, వాటర్ హీటరు, ఫ్రిజ్ ఆపాలి. ముందు ఫ్యాన్ ఒక్కటే తిప్పి, మీటర్‌ను ఇన్‌రష్‌లో సిద్ధం చేసి, అప్పుడు థర్మోస్టాట్ తగ్గించాలి. లేకపోతే ఫ్యాన్ మోటారు స్టార్టునే మీటర్ పట్టేసుకుంటుంది.

కంప్రెసర్ ఆగాక మళ్ళీ స్టార్టు చేసేముందు కనీసం మూడు నిమిషాలు ఆగండి. రెండు వైపుల గ్యాసు పీడనం సమం కాకముందే తిప్పబోతే మోటారు గుర్రుమని బిగుసుకుపోతుంది, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ తెగుతుంది. సరఫరా వోల్టేజీ తరంగంలో ఏ బిందువు దగ్గర స్విచ్ పడిందన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. అందుకే ఐదుసార్లు కొలిచి అన్నిటికన్నా పెద్దది తీసుకోవాలి. వీలైతే ఎండ మండే మధ్యాహ్నం కొలవండి. జనరేటర్ చేతులెత్తేసేది అప్పుడే.

ప్రతిసారీ వోల్టేజీ కూడా రాసుకోవాలి. 50 అడుగుల 14 గేజ్ ఎక్స్‌టెన్షన్ తీగకు రానూపోనూ పావు ఓమ్ నిరోధం ఉంటుంది. 60 ఆంపియర్లకు 15 వోల్టులు అందులోనే పోతాయి. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 105 వోల్టుల దగ్గర దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కరెంటు అంకె తక్కువగా కనిపిస్తుంది, కానీ కంప్రెసర్ వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పెనుగులాడుతుంది. అంతకన్నా లావైన పది గేజ్ తీగ వేస్తే నష్టం 6 వోల్టులే.

జనరేటర్ మీద కొలిచినప్పుడు ఈ మోసం ఇంకా పెద్దది. మీటర్ చూపేది జనరేటర్ ఇవ్వగలిగినంత, మోటారు అడిగినంత కాదు. కాబట్టి మొదటి కొలత క్యాంపు మైదానంలోని 30 ఆంపియర్ల ప్లగ్గు దగ్గరే చేయాలి. స్టార్టింగ్ కరెంటును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ బిగించాక కూడా అదే ప్లగ్గు, అదే తీగ. అది తరంగాన్ని ముక్కలుగా కోస్తుంది కనుక తరంగం ఏ ఆకారంలో ఉన్నా సరిగా లెక్కగట్టే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ తప్పనిసరి. కొన్ని రకాలు మొదటి కొన్ని స్టార్టులలో మోటారు తీరు నేర్చుకుంటాయి, అవి గడిచాక వచ్చిన అంకెనే రాసుకోండి.